పేరు లేని మాత్రలు

ఉదయం ఏడింటికే మిషను చప్పుడు మొదలైంది. ఇంకో తొమ్మిది రోజుల్లో బడులు తెరుస్తారు. ముందు గదిలో ఒక పక్క నీలం ప్యాంట్ల గుట్ట, ఇంకో పక్క తెల్ల చొక్కాల గుట్ట, మధ్యలో కుట్టుమిషను, దాని ముందు టైలరమ్మ. బడులు తెరిచే రోజుల్లో ఆవిడకి తిండీ నిద్రా నీళ్లూ అన్నీ యూనిఫారాల తర్వాతే. ముఖ్యంగా నీళ్లు. వాళ్లది పై అంతస్తు, బాత్రూం ఏమో కింద పెరట్లో. ఒకసారి దిగి ఎక్కితే ఒక కాలరు పని పోతుందని ఆవిడ లెక్క.

"అమ్మా, ఈ సీసాలో నీళ్లు నిన్న నేను పోసినవే. గుక్కెడు కూడా తగ్గలేదు," అంది కూతురు జడ వేసుకుంటూ.

"తాగుతాలేవే."

"ఎప్పుడు, బడులు తెరిచాకా?"

"తాగితే దిగాలి, దిగితే ఎక్కాలి. మోకాళ్లు నావి, నీవి కావు. ఊరికే నన్ను సతాయించక నువ్వు బయల్దేరు, నీ బస్సు పోతుంది."

కూతురు నీళ్ల ఫిల్టర్లు అమ్మే కంపెనీలో పనిచేస్తుంది. ఫోను మీద ఫిర్యాదులు తీసుకోవడం ఆమె ఉద్యోగం. రోజుకి నూటపాతిక మంది ఆమెని తిడతారు. తిట్టిన ప్రతివాళ్లనీ ఆమె అవే మూడు ప్రశ్నలు అడగాలి. సమస్య ఎప్పటి నుంచి, చివరిసారి నీళ్లు సరిగ్గా ఎప్పుడొచ్చాయి, ఈలోపు మీరేమైనా విప్పి చూశారా. మూడోదానికి ఇంతవరకూ ఒక్కరు కూడా నిజం చెప్పలేదని ఇంటికొచ్చి నవ్వుతుంది.

లోపలి గదిలోంచి ఇంటాయన బయటికొచ్చాడు. వీధిలో అందరూ ఆయన్ని డాక్టరుగారంటారు. ఆయన డాక్టరు కాదు. మలుపులో ఉన్న మందుల షాపులో ఇరవై ఆరేళ్లుగా కౌంటరు వెనక నిలబడుతున్న మనిషి. గోడకి వేలాడే లైసెన్సు వేరే ఎవరి పేరు మీదో ఉంది, ఆ వేరే ఎవరో నెలకోసారి వచ్చి సంతకాలు పెట్టి, టీ తాగి పోతాడు. మిగతా రోజుల్లో షాపు నడిపేది ఈ మందులాయనే. దగ్గన్నా, కడుపునొప్పన్నా జనం ముందు ఆయన దగ్గరికే వస్తారు. ఆయన నాలిక చూపించమంటాడు, కనురెప్ప కిందికి లాగి చూస్తాడు. అక్కడ ఆయనకి ఏం కనబడుతుందో ఆయనకే తెలియాలి. చెయ్యి మాత్రం వెనక డ్రాయర్లలోకి తడుముకోకుండా వెళ్తుంది.

"మళ్లీ మంట మొదలైందా?" అనడిగాడు భార్యని.

"మొన్నటి నుంచి. ఈసారి నడుం కూడా పీకేస్తోందండి. పొద్దున్నే వణుకొచ్చింది."

ఆయన చొక్కా జేబులోంచి మాత్రల ముక్క ఒకటి తీశాడు. కత్తెరతో కత్తిరించిన ముక్క, మూడే మాత్రలు. వాళ్ల షాపులో ఎవరికీ షీటు మొత్తం ఇవ్వరు. మందు పేరూ తేదీ ఉన్న చివర షాపులోనే ఉండిపోయేలా కత్తిరిస్తారు. పేరు తెలిస్తే రేపు ఇంకో షాపుకి పోతారని ఓనరు మొదటి రోజే నేర్పిన పనితనం అది. అలవాటు ఎంత ముదిరిందంటే, సొంత పెళ్లానికి తెచ్చే మాత్రలు కూడా ఆయన అలాగే కత్తిరించి తెస్తాడు.

"పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఇది పోయినసారి దానికన్నా గట్టిది. రేపటికల్లా లేచి తిరుగుతావు."

"ఇప్పుడు మాత్రం పడుకుని ఉన్నానా?" అంది టైలరమ్మ, దారం కొరుకుతూ.

మూడు నెలల్లో ఇది నాలుగోసారి. ప్రతిసారీ రెండు మూడు రోజుల్లో మంట తగ్గేది. తగ్గగానే ఆవిడ మాత్రలు ఆపేసి, మిగిలినవి మిషను సొరుగులో దారపు బాబిన్ల పక్కన పడేసేది. తగ్గాక కూడా వేసుకుంటే ఒంటికి వేడి చేస్తుందని చెప్పింది మందులాయనే.

"నాన్నా, ఇన్నిసార్లు ఎందుకొస్తోంది? ఒకసారి యూరిన్ టెస్టు చేయిద్దాం," అంది కూతురు చెప్పులేసుకుంటూ.

"టెస్టులకి పోతే ముందు నిన్ను భయపెడతారు, తర్వాత నాలుగు కాగితాలు చేతిలో పెడతారు. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఎవరైనా ఆస్పత్రి మెట్లెక్కారా? నీకు టైఫాయిడ్ వస్తే తగ్గించిందెవరు?"

"నాకొచ్చింది టైఫాయిడేనని ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను."

టైలరమ్మ నవ్వింది. కూతురు కూడా నవ్వేసింది. ఆ నవ్వు తల్చుకుంటే తర్వాత చాలా రోజులు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసేది.

సాయంత్రానికి జ్వరం నూట మూడు దాటింది. దుప్పటి మీద దుప్పటి కప్పినా టైలరమ్మ పళ్లు టకటక కొట్టుకున్నాయి. మందులాయన రెండో మాత్ర వేశాడు, జ్వరం మాత్ర వేశాడు, తడిగుడ్డ వేశాడు. మాట పడని మనిషేగానీ ప్రేమ లేనివాడు కాదు. భార్య పక్కనే కూర్చుని కాళ్లు పట్టాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది. థర్మామీటరు పెడితే తొంభై ఆరు. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావుటే? దిగిపోయింది. గట్టి మందని చెప్పానా లేదా?"

"మంట కూడా లేదండీ," అంది టైలరమ్మ. లేచి మిషను ముందు కూర్చునే ఉంది అప్పటికే.

ఆయన దర్జాగా షాపుకి చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి లోపలికెళ్లాడు. కూతురు మాత్రం గుమ్మంలో ఆగిపోయింది. మెట్లెక్కి వచ్చినట్టు అమ్మ ఎగరొప్పుతోంది. చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది, గోళ్లు నీలంగా ఉన్నాయి. ఇంకో సంగతి కూడా ఆమె కంటపడింది. అమ్మ ఒళ్లో ఉన్న తెల్ల చొక్కాకి, మెడ దగ్గర ఉండాల్సిన కాలరు చేతికి కుట్టి ఉంది. ముప్పై ఏళ్ల కుట్టుపనిలో ఆవిడ అలాంటి తప్పు చెయ్యలేదు. ఇప్పుడు చేసి, దాన్ని మోకాలి మీద వేసుకుని చక్కగా సాఫీ చేస్తోంది.

"అమ్మా, మంట తగ్గిందన్నావు. చివరిసారి బాత్రూంకి ఎప్పుడెళ్లావు?"

టైలరమ్మ చాలాసేపు ఆలోచించింది. "నిన్న. నువ్వు ఆఫీసు నుంచి రాకముందు."

"నేనొచ్చింది అయిదింటికి, అంటే ఏ నాలుగింటికో. ఇప్పుడు తొమ్మిది కావస్తోంది. పదిహేడు గంటలు." కూతురు లోపలి గది వైపు తిరిగింది. "నాన్నా! ఇలా రా. అమ్మకి మంట తగ్గలేదు. ఒంట్లోంచి చుక్క రావట్లేదు కాబట్టి మంట లేదు."

"జ్వరం దిగినప్పుడు అలాగే నీరసంగా ఉంటుందే. కాస్త ఉప్పూ చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తే..."

"నువ్వు తాగు ఆ నీళ్లు. నేను ఆటో పిలుస్తున్నాను."

మెట్లు దిగేటప్పుడు టైలరమ్మ ఇద్దరి భుజాల మీదా వేలాడింది. "ఎనిమిది రోజులే ఉన్నాయే," అంటూనే ఉంది ఆటో కదిలేదాకా.

ఆస్పత్రిలో అత్యవసర విభాగంలో చేతికి బీపీ పట్టీ చుట్టిన నర్సు, అంకెలు చూసి పరుగెత్తింది. డెబ్భై, నలభై. క్షణంలో ఆవిడ చుట్టూ అరడజను మంది మూగారు. కూతురిని కాగితాలు నింపడానికి కౌంటరు దగ్గరికి పంపారు. మందులాయన మంచం కాళ్ల దగ్గర నిలబడిపోయాడు. అప్పుడే పక్క మంచం దగ్గర నుంచి వాళ్ల వీధి మనిషొకడు కేకేశాడు.

"డాక్టరుగారూ, మీరిక్కడా!"

సెలైన్ ఎక్కిస్తున్న డాక్టరమ్మ తలెత్తింది. "మీరు డాక్టరా?"

"కాదండీ. మందుల షాపులో..."

"అయితే మీకు తెలిసే ఉంటుంది. ఇంట్లో ఏం మందులు వాడారు? ఏదైనా యాంటీబయాటిక్ ఇచ్చారా? ఈ మధ్య మూడు నాలుగు నెలల్లో ఇచ్చినా చెప్పండి."

నాలుగు మందుల పేర్లూ నాలిక చివరనే ఉన్నాయి. ఆ వీధి మనిషి చెవులు రిక్కించి వింటున్నాడు. నర్సు కలం పట్టుకుని ఉంది. అంతమంది ముందు, చీటీ లేకుండా, పరీక్ష లేకుండా, సగం సగం మందులు పోసి సొంత పెళ్లాన్ని ఇక్కడికి తెచ్చుకున్నానని ఆయన ఒప్పుకోవాలి.

"జ్వరం మాత్రలండీ. అంతే," అన్నాడు మందులాయన.

పదిగంటలప్పుడు ఆ మాట కాగితం మీద రాసుకున్నారు.

మధ్యాహ్నం ఐసీయూ తలుపు దగ్గర డాక్టరమ్మ తండ్రీకూతుళ్లిద్దరినీ పిలిచి చెప్పింది. ఆవిడ చిన్నది, ముప్పై అయిదు ఉంటాయేమో, కళ్ల కింద నలుపు. మాట మాత్రం నెమ్మది.

"మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీల్లోకి పాకి రక్తంలో కలిసింది. క్రిముల మీద ఒళ్లు యుద్ధానికి దిగుతుంది కదా, ఆ యుద్ధం అదుపు తప్పింది. రక్తనాళాలన్నీ వదులైపోయి, వాటిలోంచి నీరు బయటికి కారిపోతోంది. దాంతో బీపీ పడిపోయింది. దీన్ని సెప్టిక్ షాక్ అంటాం."

"పడిపోతే?" అంది కూతురు.

"మీరేం పని చేస్తారమ్మా?"

చెప్పింది.

"అయితే మీకు సులువుగా అర్థమవుతుంది. పైపులో ప్రెషర్ లేకపోతే పై అంతస్తు కుళాయికి నీళ్లెక్కుతాయా? ఇదీ అంతే. మెదడుకి, కిడ్నీలకి, పేగులకి, వేళ్ల చివర్లకి రక్తం చాలట్లేదు. దానికి తోడు సన్నటి నాళాల్లో రక్తం గడ్డకడుతోంది. కిడ్నీలు పని ఆపేశాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. జ్వరం దిగిందని మీరనుకున్నారే, అది దిగడం కాదు, ఒళ్లు చల్లబడిపోవడం."

మందులాయన గోడకి ఆనుకున్నాడు.

"ఇప్పుడేం చేస్తారు?"

"బీపీ పెంచే మందు ఎక్కిస్తున్నాం. క్రిములకి యాంటీబయాటిక్ పొద్దున వచ్చిన గంటలోనే మొదలుపెట్టాం. ఏ క్రిమి అన్నది పరీక్షలో తేలడానికి రెండు రోజులు పడుతుంది, ఈలోపు ఊహ మీద ఇవ్వాల్సిందే. ఆవిడ అనుకున్నట్టు కోలుకోవట్లేదు. శ్వాసకి గొట్టం వెయ్యాలి."

ఇంకో పావుగంటకి, కూతురు డబ్బు కట్టడానికి కిందికెళ్లినప్పుడు, నర్సు తలుపు సందులోంచి తల బయటపెట్టి, మందులాయన కళ్లలోకి చూస్తూ అడిగింది. "ఇంకోసారి ఆలోచించి చెప్పండి సార్. జ్వరం మాత్ర తప్ప ఇంకేమీ వాడలేదా?"

ఒకసారి అబద్ధమాడినవాడికి రెండోసారి నిజం చెప్పడం మరీ కష్టం. మొదటిదానికి కూడా జవాబు చెప్పుకోవాలి మరి. ఆయన తల అడ్డంగా ఊపాడు. తలుపు మూసుకుంది.

మూడింటికి కూతురు అమ్మ బట్టల కోసం, గుర్తింపు కార్డు కోసం ఇంటికెళ్లింది. కార్డు మిషను సొరుగులో ఉంటుంది. సొరుగు లాగితే బాబిన్లు, గుండీలు, చాక్‌పీసు ముక్కలు, వాటి మధ్య మాత్రల ముక్కలు. మూడు రకాలు. ఒకదాంట్లో తెల్లవి రెండు, ఒకదాంట్లో పసుప్పచ్చవి నాలుగు, ఒకదాంట్లో గులాబీరంగు గొట్టాల్లాంటివి మూడు. నిన్నటిది నాలుగోది, మంచం పక్కన ఒక మాత్రతో పడుంది. వెనక్కి తిప్పి చూసింది. వెండి రేకు మీద సగం తెగిన అక్షరాలు తప్ప పేరన్నది ఎక్కడా లేదు.

తండ్రి ఐసీయూ పక్కన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కూతురు వచ్చి ఆ నాలుగు ముక్కలూ ఆయన ఒళ్లో పడేసింది.

"ఇవి వాడినట్టు వాళ్లకి చెప్పావా?"

ఆయన ఆ ముక్కల వంకే చూశాడు.

"నాన్నా, నిన్నే."

"జ్వరం మాత్ర ఇచ్చానని చెప్పాను."

"ఇవి జ్వరం మాత్రలా?"

"మెల్లిగా మాట్లాడవే. అందరూ చూస్తున్నారు."

"చూడనీ! అందరూ చూస్తారనే కదా నువ్వు నోరు మూసుకున్నది?"

"నీకు తెలీదు. చీటీ లేకుండా ఇచ్చానంటే షాపు మీదికొస్తుంది. లైసెన్సు నా పేరు మీద లేదు. ఇరవై ఆరేళ్ల నా..."

"అమ్మకి ఇరవై ఆరు గంటలైనా ఉన్నాయో లేదో తెలీదు, నువ్వు ఇరవై ఆరేళ్లు లెక్కపెడుతున్నావా?"

మెట్ల మీద పోతున్న ఇద్దరు ఆగి, మళ్లీ నడిచారు. మందులాయన ఒళ్లోని ముక్కల్ని రెండు చేతులతో కప్పాడు.

"షాపు కోసం కాదే. షాపు పోతే పోయింది. వాడొచ్చి అందరిముందూ డాక్టరుగారూ అని కేకేశాడు. ఆవిడేమో, మీరు డాక్టరా అనడిగింది. నేనేం చెప్పను? నాలుగుసార్లు నేనే ఇచ్చాను, నాలుగుసార్లూ తగ్గిందని నేనే చెప్పాను. నా చేత్తో నేనే మీ అమ్మని..."

"ఆ సంగతి తర్వాత ఏడుద్దాం. నాకు రోజూ నూటపాతిక మంది అబద్ధం చెప్తారు నాన్నా. విప్పి చూశారా అంటే, అబ్బే, మేం ముట్టుకోలేదంటారు. పోనీలే అనుకుంటాను. పాడైతే ఇంకో ఫిల్టర్ ఇస్తాం. నాకు ఇంకో అమ్మని ఎవరిస్తారు?" ఆమె ఒక ముక్క తీసి ఆయన మొహం ముందు పెట్టింది. "దీని మీద పేరు లేదు. ఈ ప్రపంచంలో నీకు తప్ప ఎవరికీ తెలీదు. లేచి వెళ్లి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను వెళ్లి చెప్తాను, ఆ తర్వాత నిన్ను నాన్నా అని పిలవను."

ఆయన లేచాడు. ఐసీయూ గంట నొక్కాడు. డాక్టరమ్మ బయటికి రాగానే నాలుగు ముక్కలూ అరచేతిలో పరిచి, ఒక్కొక్కదాని మందు పేరు, ఎంత మోతాదు, ఏ నెలలో ఎన్ని రోజులు, ఎన్ని మిగిలిపోయాయి, అన్నీ చెప్పాడు. ఒక్కచోట తడబడలేదు. ఇరవై ఆరేళ్ల జ్ఞాపకం. అంత చక్కగా తెలిసినవాడు అంతసేపు దాచాడు. ఆ సంగతి డాక్టరమ్మ మొహంలో కనబడింది గానీ ఆవిడ ఒక్క మాట అనలేదు. లోపలికి తిరిగి, నర్సుతో మందు మార్చమని చెప్పింది.

"పొద్దున మేం మొదలుపెట్టింది కూడా ఈ గులాబీరంగు మాత్ర జాతి మందే," అంది తర్వాత. "సగం సగం వాడి ఆపేస్తే దానికి లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. ఇప్పుడు ఆవిడ రక్తంలో ఉన్నవి అలా మిగిలినవే అయ్యుండాలి."

"పొద్దునే చెప్పుంటే..." అన్నాడు మందులాయన.

"పొద్దునే మార్చేదాన్ని."

"తేడా ఉండేదా అమ్మా?"

డాక్టరమ్మ చేతిలోని కాగితాలు మడిచింది. "ఉండకపోవచ్చు. ఉండొచ్చు కూడా. ఇందులో ప్రతి గంటా లెక్కే. ఖచ్చితంగా నేనే కాదు, ఎవరూ చెప్పలేరు."

ఉండేదని చెప్పినా ఆయన ఏదో ఒక రోజుకి తట్టుకునేవాడేమో. ఉండదని చెప్తే ఊపిరి పీల్చుకునేవాడు. ఆవిడ నిజం చెప్పింది, అదే ఆయనకి శిక్షయింది. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

రెండు రోజుల తర్వాత పరీక్ష ఫలితం వచ్చింది. ఆయన ఇచ్చిన నాలుగు మందుల్లో మూడు ఆ క్రిమి మీద పనిచెయ్యవు. మార్చిన మందు పనిచేస్తుంది. తొమ్మిదో రోజున గొట్టం తీశారు. సరిగ్గా ఆ రోజే బడులు తెరిచారు. కత్తిరించి పెట్టిన గుడ్డల్ని ఎవరివి వాళ్లు పట్టుకుపోయి ఇంకెక్కడో కుట్టించుకున్నారు.

టైలరమ్మ బతికింది. బతకడమన్నది ఒకటే మాట గానీ, అందులో చాలా ఉన్నాయి. కిడ్నీలకి బదులు రక్తం శుభ్రం చేసే మిషను రోజు మార్చి రోజు పెట్టారు. మూడో వారంలో మంచానికి తగిలించిన సంచీలో కాసింత మూత్రం కనబడితే, కూతురు ఆ సంచీ పట్టుకుని పండగలా ఏడ్చింది. కిడ్నీలు సగమే తేరుకున్నాయి, మిగతా సగం సంగతి ఆర్నెల్లు గడిస్తేగానీ చెప్పలేమన్నారు. వేళ్లు మాత్రం తేరుకోలేదు. రక్తం అందక ఎడమ చేతి రెండు వేళ్లూ, కుడి చేతి బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్లూ చివర్లు బొగ్గులా నల్లబడి ఎండిపోయాయి. బీపీని నిలబెట్టడానికి ఎక్కించిన మందు కూడా వేళ్ల నాళాల్ని బిగిస్తుందనీ, ప్రాణమా వేళ్లా అన్నప్పుడు ఇంకో దారి లేదనీ డాక్టరమ్మ చెప్పింది. మొదటి కణుపు దాకా తీసేశారు.

కుడి చేతి చిటికెన వేలు చెక్కుచెదరలేదు. టైలరమ్మ దాన్ని ఆడించి చూసుకుని, "దీంతో ఏం కుట్టను, గాలి కుట్టనా?" అంది. ఆస్పత్రిలో ఆవిడ ఆడిన పరిహాసం అదొక్కటే.

అయిదు వారాలకి ఇంటికొచ్చారు. చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకే పాట. డాక్టరుగారు ఇంట్లో ఉండబట్టి దక్కిందమ్మా, ఇంకొకరైతే ఆస్పత్రిదాకా కూడా వచ్చేవాళ్లు కాదు. మందులాయన తల వంచుకుని వినేవాడు. వాళ్లు దాన్ని వినయమనుకునేవాళ్లు. కూతురు మాత్రం ఆయన వంక ఒక చూపు చూసి వంటింట్లోకి పోయేది. అమ్మకి నేను చెప్పను, చెప్పాల్సింది నువ్వే అని ఆస్పత్రిలోనే ఆమె తేల్చేసింది. రోజూ పొద్దున ఈ రోజు చెప్తాననుకునేవాడు. సాయంత్రానికి, కాస్త కోలుకున్నాక చెప్తాననుకునేవాడు.

ఒక రోజు పొద్దున కింది ఇంటావిడ వచ్చి ఎప్పటి పాటే పాడింది. ఈసారి టైలరమ్మ మంచం మీద నుంచి వంత పాడింది.

"నిజమే వదినా. నాకేం తెలుసు? అన్నీ ఆయనకే తెలుసు. ఆయన పక్కన ఉండబట్టి సరిపోయింది."

కింది ఇంటావిడ మెట్లు దిగిపోయింది. మందులాయన చేతిలో అన్నం కంచం ఉంది. భార్య చేతులకి కట్లున్నాయి, రెండు పూటలా ఆయనే తినిపిస్తున్నాడు. మొదటి ముద్ద కలిపినవాడు కలిపినట్టే ఆగిపోయాడు.

"నేను చెప్పలేదు," అన్నాడు.

"ఏది?"

"డాక్టరమ్మ అడిగింది. ఇంట్లో ఏం మందులు వాడారని. చెప్పలేదు. జ్వరం మాత్రే ఇచ్చానన్నాను. నర్సు వచ్చి మళ్లీ అడిగింది, అప్పుడూ చెప్పలేదు. పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా పనికిరాని మందే ఎక్కింది నీకు. అమ్మాయి వచ్చి నిలదీస్తేగానీ నోరు విప్పలేదు."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

టైలరమ్మ తన చేతుల వంక చూసుకుంది. తర్వాత ఆయన వంక చూసింది. "ఎందుకు?" అంది.

"సిగ్గేసింది."

ఆవిడ మళ్లీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆయన బతికిపోయేవాడు.

"ఆ నర్సు ముందు నన్నే అడిగింది. గొట్టం వేసేముందు. నాకు నోరు తిరగట్లేదు, అంతా మసకగా ఉంది. అమ్మా, ఇంట్లో ఏమేం మాత్రలు మింగావని. నాకేం తెలుసు వాటి పేర్లు? మా ఆయన తలుపవతలే ఉన్నారు, అన్నీ ఆయనకే తెలుసు, ఆయన్నడగండి చెప్తారు అన్నాను. ఆవిడ సరేనని మీ దగ్గరికే వచ్చుంటుంది." కాస్త ఊపిరి తీసుకుంది. "నాకప్పుడు భయం లేదండీ. చచ్చిపోతానని కూడా అనుకోలేదు. మీరున్నారు కదా, ఇంక వాళ్లకేం కావాలో మీరు చూసుకుంటారని నిశ్చింతగా కళ్లు మూసుకున్నాను."

మందులాయన కంచం నేల మీద పెట్టి, మంచం పట్టె మీద తల ఆన్చి ఏడ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అలా ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. టైలరమ్మ ఆయన తల మీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యడానికి కట్టు అడ్డమని కాదు. కూతురు ముందుకు రాబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది. నెలల తరబడి అమ్మ మంటనీ నడుంనొప్పినీ తను కూడా నవ్వి వదిలేసిందని గుర్తొచ్చి, ఆమె కూడా గుమ్మం పట్టుకుని నిశ్శబ్దంగా ఏడ్చింది.

"రేపట్నుంచి షాపుకి పోను," అన్నాడు ఆయన తల ఎత్తకుండానే. "ఆ కౌంటరు వెనక నిలబడే మొహం లేదు నాకు."

"పోకపోతే మీ చోట ఇంకొకడొచ్చి నిలబడతాడు. వాడికి ఇదేం తెలీదు. మీకు తెలుసు," అంది టైలరమ్మ. "వెళ్లండి. నాలాంటిది వచ్చి మాత్రలడిగితే, ఇవ్వకండి. పెద్దాస్పత్రికి పొమ్మనండి. ఎందుకని అడిగితే నా సంగతి చెప్పండి. చివరిదాకా చెప్పండి, మీరు దాచింది కూడా."

ఆయన తలూపాడు. కళ్లు తుడుచుకుని లేవబోయాడు.

"ఎక్కడికి?"

"అమ్మాయిని పంపిస్తాను. నా చేత్తో నీకు... తినబుద్ధి కాదు కదా."

టైలరమ్మ కింద ఉన్న కంచం వంక చూసింది. కూతురి వంక చూసింది. అలసిపోయిన మొహం ఆవిడది. మనసులో ఏముందో ఇంకొన్నేళ్లదాకా ఆవిడకే తెలియదు.

"దానికి ఆఫీసుకి టైమవుతోంది. మీరే పెట్టండి," అంది. "క్షమించానని కాదు. ఆకలేస్తోంది."

ఆయన మళ్లీ కూర్చుని కంచం ఒళ్లోకి తీసుకున్నాడు. మళ్లీ ముద్ద కలిపి అందించాడు. ఆవిడ ఆయన మొహం చూడకుండా నోరు తెరిచింది.